అనధికార అవగాహన

ఒక పెద్దమనిషి ఒక పెద్దావిడను చూసి అందంగా ఉన్నారని మెచ్చుకోవడంతో ఈ గొడవంతా మొదలైంది.

మెకాంగ్ నదికి ఈ ఒడ్డున థాయ్‌లాండ్, ఆ ఒడ్డున లావోస్. ఈ ఒడ్డున థా సాయ్ అని ఒక చిన్న ఊరు, సరిగ్గా దానికెదురుగా ఆ ఒడ్డున పాక్ హిన్. పడవెక్కి ఒక ఆకూవక్కా నమిలేలోగా అవతలికి చేరిపోవచ్చు. రెండూళ్లవాళ్లూ తినేది చేత్తో ఉండలు చేసుకునే జిగురన్నమే. ఇళ్లలో మాట్లాడేదీ ఒకటే మాట. కాకపోతే ఈ ఒడ్డున దాన్ని ఇసాన్ యాస అంటారు, ఆ ఒడ్డున లావో భాష అంటారు.

ఇంత పోలిక ఉన్నవాళ్లకు ఒకరంటే ఒకరికి పడాలని ఎక్కడా లేదు. థా సాయ్ వాళ్ల లెక్కలో లావో వాళ్లు ఒళ్లు వంచని మందకొడి జనం. పాక్ హిన్ వాళ్ల లెక్కలో థాయ్ వాళ్లు పైకి నమస్కారాలు పెడుతూ లోపల నవ్వుకునే డాబుసరి జనం. ఇక బ్యాంకాక్ వాళ్ల లెక్కలో థా సాయ్ వాళ్లే లావోలు. అక్కడెవరైనా 'లావో' అని వెక్కిరిస్తే థా సాయ్ మనిషి కుమిలిపోయి, రైలెక్కి ఇంటికొచ్చి, ఆ వెక్కిరింతను చెక్కు చెదరకుండా నది దాటించేవాడు.

ఆ ఏడాది పడవ పందేల విందుకు రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. అవతలి ఒడ్డు నుంచి అక్కడి పెద్ద అధికారి భార్య వచ్చింది. ఈయన ఆవిడకు చేతులు జోడించి, "మీరు చాలా సువయ్" అన్నాడు. థాయ్‌లో ఆ మాటకు అందం అని అర్థం. లావోలో పొద్దెక్కిపోయింది, ఆలస్యమైంది అని అర్థం. ఆవిడ రోజూ థాయ్ సీరియళ్లు చూసే మనిషే. ఆ మాటకు రెండర్థాలూ శుభ్రంగా తెలుసు. అయితే ఆవిణ్ణి తీసుకురావలసిన కారు నిజంగానే ఆలస్యంగా వచ్చింది, దానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. అందుకని రెండో అర్థం తీసుకుంది. చెయ్యి కడుక్కోకుండానే పడవెక్కి వెళ్లిపోయింది.

అలా పుట్టింది పరస్పర గౌరవ విభాగం. దాని మొదటి రూలు ఇది: నదీతీరమున ఉభయ దేశాల పౌరుల మధ్య జరుగు సంభాషణలు ధ్రువీకృత దుబాసీ ద్వారా మాత్రమే జరుగవలెను.

విభాగానికి డైరెక్టరుగా బ్యాంకాక్ నుంచి ధనావత్ గారు వచ్చారు. ఆయన చొక్కాకు ముడత ఉండదు, మాటకు యాస ఉండదు, మొహానికి కదలిక ఉండదు. దుబాసీ ఉద్యోగానికి తాలూకా ఆఫీసులో పనిచేసే ప్రయూన్‌ను ఇంటర్వ్యూకు పిలిచారు.

ప్రయూన్‌ది థా సాయే. కాలేజీ చదువుకు రాజధాని వెళ్లి, హాస్టల్లో అద్దం ముందు నిలబడి నాలుక మీది యాసను తోమి తోమి పోగొట్టుకుని వచ్చినవాడు.

"నీకు లావో భాష వచ్చునా?" అని అడిగారు ధనావత్ గారు.

రాదంటే ఉద్యోగం లేదు. వచ్చంటే తనే లావో అయిపోతాడు. 

"నేర్చుకున్నానండీ."

"ఎచ్చట?"

"ఇంటిదగ్గరండీ. స్వయంకృషి."

డైరెక్టరు గారు అతని వంక అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపు చూసి, ఉద్యోగం ఇచ్చేశారు.

ప్రయూన్‌కు ఆ ఉద్యోగం మీద ఆశ పుట్టడానికి ఇంకో కారణం ఉంది. అవతలి రేవులో టిక్కెట్ల కిటికీ దగ్గర విలైవన్ అనే అమ్మాయి కూర్చుంటుంది. ఏదో ఒక పని కల్పించుకుని ప్రయూన్ పడవ దాటడం, ఇచ్చిన చిల్లర సరిగా లేదన్నట్టు కిటికీ దగ్గర నిలబడిపోవడం చాలాకాలంగా జరుగుతోంది. ఈ ఉద్యోగంతో పడవ దాటడమే డ్యూటీ అవుతుంది.

మొదటిరోజు డ్యూటీ థా సాయ్ ఒడ్డున సంతలో పడింది. వారానికోసారి లావో వాళ్లు పడవల్లో చేపలు తెచ్చి అక్కడ అమ్ముకుంటారు. బొత్తిగా ఖర్మ కాకపోతే, మొదటి బేరం ప్రయూన్ తల్లి సైబువాకూ, విలైవన్ తల్లి బున్‌మీకీ మధ్య వచ్చింది. బున్‌మీ చేపలు అమ్మడం, సైబువా వాటిని వంకలు పెట్టి కొనడం ఆ సంత పుట్టినప్పటి నుంచీ జరుగుతున్నదే. పిల్లల సంగతి అప్పటికి ఇద్దరికీ తెలియదు.

ప్రయూన్ టోపీ సర్దుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. వెనక ధనావత్ గారు.

"ఏందిరా, దిష్టిబొమ్మ మాదిరి అడ్డం నిలబడ్డావ్?" అంది సైబువా.

"అమ్మా, రూలు. నువ్వు నాతో చెప్పాల, నేను ఆమెతో చెప్పాల."

"ఆమెకు చెవుల్లేవా?"

"ఉన్నాయి గానీ, వాటికి అనుమతి లేదు."

సైబువా నిట్టూర్చింది. "సరే అడుగు. ఈ చేప ఎప్పుడు చచ్చింది?"

ప్రయూన్ బున్‌మీ వైపు తిరిగి, "ఈ చేప ఎప్పుడు చచ్చింది?" అన్నాడు.

వెనక నుంచి డైరెక్టరు గారు దగ్గారు. "ఏమయ్యా, ఆమె పలికినదే నీవునూ పలికితివి. అనువాదమేదీ?"

"అదే అనువాదమండీ."

"తేడా కనిపించవలెను. తేడా లేనిచో దుబాసీ ఏల? విభాగమేల? నేనేల?"

ఆ చివరి ప్రశ్నలో ఉన్న ఆందోళన ప్రయూన్‌కు అర్థమైంది. మళ్లీ తిరిగి, "ఈ మత్స్యము ఏ సమయమున పరమపదించినదో సెలవియ్యగలరు" అన్నాడు.

బున్‌మీ చేపను చూసింది, ప్రయూన్‌ను చూసింది. "పొద్దున్నే చచ్చింది. అయినా మీ థాయోళ్లు నవ్వు మొహంతోనే తూకంలో చెయ్యి పెడతారు, మీకేం తెలుసు తాజా చేప!"

రూలు ప్రకారం దుబాసీ 'నేను' అనే మాట్లాడాలి. కోపమో సంతోషమో, అవతలి మనిషి చూపించిన భావం కూడా చూపించాలి. ప్రయూన్ తల్లి వైపు తిరిగి, కళ్లెర్రజేసి, చెయ్యి విసిరి, థాయ్ వాళ్ల తూకం గురించి చెప్పవలసింది చెప్పాడు. సైబువా కొడుకు చెవి పట్టుకుని మెలిపెట్టింది. డైరెక్టరు గారు 'విధి నిర్వహణలో దుబాసీపై దాడి' అని రాసుకున్నారు.

నెల తిరిగేసరికి సంత కిటకిటలాడిపోయింది. చేపలు కొనేవాళ్లు తక్కువ, మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఎదురుగా అనాలంటే మొహమాటం అడ్డొచ్చి ఏళ్లతరబడి కడుపులో దాచుకున్న మాటలన్నీ రెండు ఒడ్లవాళ్లూ మోసుకొచ్చి ప్రయూన్ ముందు పోశారు. ఎవరికి వాళ్లు అంటే తగాదా. దుబాసీ అంటే అధికారికం. 'మీ ఒడ్డున మనుషులు నిద్రపోవడానికే లేస్తారు' అని ఒకడు, 'మీ ఒడ్డున చిరునవ్వులు కూడా అద్దెకిస్తారు' అని ఇంకొకడు. పొద్దు వాలేసరికి ప్రయూన్ రెండు దేశాలనూ తన నోటితోనే తిట్టి, రెండు దేశాల చేతా తనే తిట్టించుకుని, గొంతు బొంగురుపోయి ఇంటికి చేరేవాడు.

'ఉభయ ప్రజల మధ్య భావ వినిమయము మునుపెన్నడూ లేనంతగా వృద్ధి చెందినది' అని ధనావత్ గారు రాజధానికి నివేదిక పంపారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

ఈ వృద్ధి చూసి అవతలి ఒడ్డు ఊరుకుంటుందా? సహోదర భావ పరిరక్షణ కార్యాలయం అని వాళ్లూ ఒకటి తెరిచారు. సిసుపన్ గారని గుండ్రటి మనిషి దానికి అధిపతి. ఆయన ఏ వాక్యమైనా 'సుదీర్ఘ పోరాటాల ఫలితంగా' అని మొదలుపెడతారు, అన్నం వడ్డించమని అడిగేటప్పుడు తప్ప. థాయ్ దుబాసీని నమ్మడం ఎట్లా అని ఆయన సొంత దుబాసీని పెట్టుకున్నారు. టిక్కెట్ల కిటికీ మూసేసి విలైవన్‌ను తీసుకున్నారు.

ఇక ఉమ్మడి సమావేశం. ఏ ఒడ్డున కూర్చున్నా రెండో ఒడ్డుకు చిన్నతనం కాబట్టి నది మధ్యలో పడవ నిలిపారు. అజెండాలో ఒకటే అంశం: ఊరవేసిన చేపల జాడీ. కంపు కొట్టే ఆ జాడీ లేనిదే రెండు ఒడ్ల మీదా పొయ్యి వెలగదు. థాయ్ వాళ్లు దాన్ని ప్లా రా అంటారు, లావో వాళ్లు పా దేక్ అంటారు. ఆ వంటకం ఏ దేశానిదో తేల్చాలి. జాడీని మధ్యలో పెట్టి మూత తీశారు. డైరెక్టర్లిద్దరూ ముక్కులకు రుమాళ్లు పెట్టుకున్నారు గానీ, నోరూరుతున్న సంగతి రుమాళ్లు దాచలేకపోయాయి.

ధనావత్ గారు చెబితే ప్రయూన్ విలైవన్‌తో చెప్పాలి. విలైవన్ సిసుపన్ గారితో చెప్పాలి. జవాబు మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి.

"ఈ జాడీ పుట్టుపూర్వోత్తరముల విషయమై మా ప్రభుత్వము ఉదార వైఖరి వహించుచున్నది" అన్నారు ధనావత్ గారు.

ప్రయూన్ విలైవన్ మొహంలోకి చూశాడు. ఇన్ని వారాలుగా ఊళ్లోవాళ్ల మాటలన్నీ మోశాడు. సొంత మాట ఒక్కటీ చెప్పుకోలేదు. ధనావత్ గారికి లావో ఎలాగూ రాదు, సిసుపన్ గారు తన దుబాసీ చెప్పేది తప్ప వినరు కదా అనుకున్నాడు.

"పెళ్లి మాట మా అమ్మతో ఈ వారమే చెప్పేస్తా. మీ ఇంటికి తీసుకొస్తే మీ అమ్మ ఏమంటుంది?" అన్నాడు లావోలో, చాలా గంభీరంగా.

విలైవన్ కళ్లు పెద్దవయ్యాయి. సిసుపన్ గారి వైపు తిరిగి జాడీ గురించి ఏదో కల్పించి చెప్పింది. ఆయన సుదీర్ఘ పోరాటాల ఫలితంగా ఏదో అన్నారు. ఆమె మళ్లీ ప్రయూన్ వైపు తిరిగి అంతకన్నా గంభీరంగా, "చేపలు కొయ్యడం ఆపి కత్తి పట్టుకునే నిలబడుద్ది. అయినా తీసుకురా" అంది.

ధనావత్ గారి కలం కాగితం మీద ఆగిపోయింది. సిసుపన్ గారు ఉన్నట్టుండి నదిలోని నీటిని చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు. చివరికి, జాడీ ఏ దేశానిదైనా వాసన మాత్రం ఉభయుల ఉమ్మడి ఆస్తి అని తీర్మానించి లేచారు.

ఇంటిదగ్గర సైబువాతో చెప్పడం అంత తేలికగా జరగలేదు.

"లావో కోడలా? నా ఇంటికా?"

"అమ్మా, మనం మాట్లాడేది మాత్రం ఏంది?"

"ఇసాన్. దానికీ దీనికీ నూరామడ దూరం."

"చిన్నప్పుడు అమ్మమ్మ మాత్రం లావో అనేది కదా."

సైబువా చేతిలో కూర తరిగే కత్తి పక్కన పెట్టింది. "నేను పెళ్లికి ముందు బ్యాంకాక్‌లో ఒకళ్ల ఇంట్లో పనికున్నా, తెలుసుగా. ఆ అమ్మగారు పిలిస్తే పేరుతో పిలిచేది కాదు. 'ఏయ్ లావో' అనేది. నా గ్లాసు వేరు, నా కంచం వేరు. నేను లావో కాదమ్మా, థాయ్‌నే అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఇప్పుడు నేనే లావో పిల్లను తెచ్చుకుంటే ఆవిడన్నమాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు కాదా?"

ప్రయూన్ రెండు రోజులు అన్నం దగ్గర కూర్చుని తినకుండా లేచాడు. మూడో రోజు సైబువా, "చూసొస్తానంతే. మాట ఇచ్చినట్టు కాదు" అంది.

మర్నాడు ధనావత్ గారు పిలిపించారు. "పాక్ హిన్‌లో నీ వివాహ ప్రస్తావన జరుగనున్నదట. ఆ గృహము నదీతీరమున ఉన్నందున రూలు వర్తించును."

ప్రయూన్ ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఈయనకెలా తెలిసిందో అంతుపట్టలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

పెళ్లిమాటలు కాస్తా 'ప్రథమ ధ్రువీకృత సంబంధ సంభాషణ' అయ్యాయి. బున్‌మీ ఇంటి ముందు రెండు దేశాల జెండాలు, ఒక బ్యానరు, ప్లాస్టిక్ కుర్చీల్లో డైరెక్టర్లిద్దరూ. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఉన్న దుబాసీలే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. ఎవరి తల్లికి వాళ్లు దుబాసీగా ఉంటే పక్షపాతం అవుతుంది. కాబట్టి తల్లులను మార్చారు. సైబువా మాటలు విలైవన్ చెప్పాలి. బున్‌మీ మాటలు ప్రయూన్ చెప్పాలి. అదీ 'నేను' అనే, భావంతో సహా.

"మా వాడు సర్కారు ఉద్యోగి. పెళ్లయ్యాక పిల్ల మా ఒడ్డుకే రావాల" అంది సైబువా.

"మా వాడు సర్కారు ఉద్యోగి. పెళ్లయ్యాక పిల్ల మా ఒడ్డుకే రావాల" అంది విలైవన్, తన తల్లితో. తేడా చూపించలేదేమని డైరెక్టర్లు ఇద్దరూ అడగలేదు.

బున్‌మీ తేలికగా తీసుకోలేదు. "మీ టీవీ సీరియళ్లు రోజూ చూస్తన్నాం. అందులో అంట్లు తోమే పిల్ల ఎప్పుడూ మా మాటే మాట్లాడుద్ది. అందరూ పగలబడి నవ్వుతారు. నా బిడ్డ మీ ఇంట్లో ఆ పిల్ల కావాల్నా?"

ప్రయూన్ తన తల్లికి ఎదురుగా నిలబడి, "అందరూ పగలబడి నవ్వుతారు. నా బిడ్డ మీ ఇంట్లో ఆ పిల్ల కావాల్నా?" అన్నాడు. హాస్టల్లో టీవీ ముందు అందరితో కలిసి అలాగే నవ్విన సాయంత్రాలు గుర్తొచ్చి అతని గొంతు నిజంగానే వణికింది. సైబువాకు మాత్రం కొడుకు ఆ పక్షం చేరినట్టే వినబడింది. ఆమెకు తిక్క రేగింది.

"అంతమాటంటావా! మీ ఒడ్డున ఒళ్లు వంచేవాడెవడు? శుభ్రం ఎవడికి తెలుసు? రేపు నలుగురిలో నా కోడలు లావో అని నేనెట్టా చెప్పుకోను? నాకు సిగ్గు కాదా?"

అందరూ విలైవన్ వైపు చూశారు. ఆ అమ్మాయి వాకిలంతా ఊడ్చి, నీళ్లు చల్లి, వచ్చేవాళ్ల కోసం వంటంతా తనే చేసి, ఉన్నవాటిలో మంచి పట్టులుంగీ కట్టుకుని నిలబడి ఉంది. కళ్లు కిందికి దించలేదు.

"లావోలు ఒళ్లు వంచరు" అంది. "లావోలకు శుభ్రం తెలియదు. నా కోడలు లావో అని నలుగురిలో చెప్పుకోవడం నాకు సిగ్గు."

రూలు ప్రకారం భావం కూడా చూపించాలి కదా. సైబువా చూపించిన ఏవగింపు అంతా ఆ పిల్ల తన మొహం మీదికి తెచ్చుకుంది. సైబువా ఆ మొహాన్ని గుర్తుపట్టింది. అది ఆ బ్యాంకాక్ అమ్మగారి మొహం. ఇన్నేళ్లూ తన మొహం మీద అదే ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఆపు" అంది. చేత్తో కళ్లు ఒత్తుకుంది. "ఆపు, తల్లీ."

విలైవన్ తన తల్లి వైపు తిరిగి, చెంపల మీద నీళ్లు కారుతుండగా, "ఆపు, తల్లీ" అని అనువదించింది.

 బ్యానరు ఒక్కటే గాలికి టపటపలాడింది. బున్‌మీకి కూతురి మొహం చూస్తే కోపం, సైబువా మొహం చూస్తే జాలి. ఈ రెండింటినీ ఎక్కడ దించాలో తెలియక ప్లాస్టిక్ కుర్చీల వైపు తిరిగింది.

"చూడండమ్మా ఈయన్ని! ఇద్దరాడోళ్లు ఏడుస్తుంటే కదలడు మెదలడు. చొక్కాతో పాటు మొహాన్ని కూడా ఇస్త్రీకి వేసినట్టున్నాడు. మడత నలుగుద్దని భయం!"

ధనావత్ గారు ఫక్కున నవ్వారు.

ఆపుకోబోయారు గానీ ఆగలేదు. కుర్చీ ఊగేలా, కళ్లు తుడుచుకునేలా నవ్వారు. ఆ తరవాత గమనించారు, అందరూ తననే చూస్తున్నారని. ప్రయూన్ ఇంకా నోరు విప్పనే లేదు.

"ఏ ఊరు నాయనా మీది?" అని అడిగింది బున్‌మీ.

ఆ గొంతులో నిలదీత లేదు. పొరుగింటికొచ్చిన పిల్లాడిని అడిగినట్టు అడిగింది. ధనావత్ గారి ఇస్త్రీ మొహం మెల్లగా నలిగింది.

"లోపలికి, పొలాలెంబడి పోవాల, పెద్దమ్మా. చెప్పినా మీకు తెలీదు, సిన్న పల్లె" అన్నారు, అచ్చం సంతలో మాటలా. "ఈ మాట మాట్లాడి శానా ఏళ్లయింది. మా అమ్మ పోయినాక మాట్లాడేదానికి మడిసి లేకపోయె."

"ఔరా, ఎంత నాటకమాడితివయ్యా! ఇన్ని దినములు మమ్ములనందరినీ మోసగించితివా!" అని ఒక గావుకేక వినిపించింది. శుద్ధమైన బ్యాంకాక్ థాయ్‌లో, సీరియల్లో అత్తగారు అరిచే ధోరణిలో అరిచినది సిసుపన్ గారే. అరిచాక ఆయనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఇక దాచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. సైబువా లేచి, జిగురన్నం బుట్ట తెచ్చి ధనావత్ గారి ముందు పెట్టింది. ఆయన గడియారం విప్పి జేబులో వేసుకుని, వేళ్లతో ఉండ చేసుకున్నారు. విలైవన్ పక్కనే ఒక చోటు ఖాళీగా ఉంటే సైబువా వెళ్లి అక్కడ కూర్చుంది.

"అల్లుడే అత్తగారింటికి రావడం మా ఊళ్లోనూ ఉన్న పద్ధతే" అంది బున్‌మీ వైపు చూడకుండా. "బ్యాంకాక్ పోయొచ్చినాక నేనే మర్చిపోయా. మీ ఇంట్లోనే ఉండనీ. పండక్కి నాకు పంపు."

"ఇద్దర్నీ పంపుతా" అంది బున్‌మీ.

జెండాలు కట్టడానికి వచ్చినవాళ్లలో ఎవరు చెప్పారో తెలియదు, పది రోజుల్లో రాజధానికి సంగతి చేరింది. ధనావత్ గారి మీద అభియోగం వచ్చింది: అనధికార ప్రత్యక్ష అవగాహన. దుబాసీ సహాయం లేకుండా, ముందస్తు అనుమతి పొందకుండా, పరదేశ పౌరురాలి మాటను నేరుగా అర్థం చేసుకొనుట.

విచారణకు ముగ్గురు పెద్దలు వచ్చారు. మొదట ప్రయూన్‌ను పిలిచారు.

"డైరెక్టరు గారు నవ్వినది నీ అనువాదమునకు ముందా, పిదపనా?"

ప్రయూన్ ముందురోజే ఆలోచించుకుని వచ్చాడు. "పిదపేనండీ. నేను మనసులో అనువదించుకున్నాను. వారికి అది వినబడి ఉంటుంది."

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అటువంటి సందర్భం గురించి రూల్లో ఏమీ లేదు. కేసు అక్కడితో తేలిపోయేదే. కానీ ధనావత్ గారు లేచి నిలబడ్డారు.

"లేదు. అతను నా కోసం చెబుతున్నాడు. ఆమె అన్నది నాకే అర్థమైంది."

"ఏ భాషలో అర్థమైనది?" అని అడిగారు అధ్యక్షుడు.

అది మామూలు ప్రశ్న కాదు. థాయ్ అంటే రెండు ఒడ్లదీ ఒకే మాట అని తేలుతుంది, విభాగమే అక్కర్లేదు. లావో అంటే ఆయనే లావో అవుతారు.  ధనావత్ గారు మాత్రం చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన పేరు చెప్పినంత తేలికగా చెప్పారు.

"మా అమ్మ భాషలో."

గుమస్తా కలం ఎత్తి పట్టుకుని, "థాయ్ అని రాయమంటారా, లావో అని రాయమంటారా?" అన్నాడు.

"తల్లిగారు ఉన్నారా?" అని అధ్యక్షుడు ఆరా తీశారు.

"లేరు."

అధ్యక్షుడు గుమస్తా వైపు తిరిగారు. "మృతురాలి భాష అని రాయండి" అన్నారు.

ధనావత్ గారిని భూగర్భ జలాల శాఖకు బదిలీ చేశారు. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. వెళ్లేముందు ఆయన ప్రయూన్‌తో చెయ్యి కలిపి, "నీళ్లు ఏ ఒడ్డువో అడగరు గదా ఆడ" అన్నారు నవ్వుతూ. రూలు మాత్రం రద్దు కాలేదు. ఇంకా బిగిసింది. ఇకమీదట దుబాసీ చెప్పేదాకా ఎవరి మాటా ఎవరికీ అర్థం కాకూడదు. ముందే అర్థమైనా, కాస్త ఆగి, అప్పుడే అర్థమైనట్టు తలాడించాలి. ఈ ఆగడం సరిగా జరుగుతున్నదా లేదా అని చూడటానికి కొత్త డైరెక్టరు గారు వచ్చారు.

వానలు వెనకబట్టాక పాక్ హిన్‌లో పెళ్లి జరిగింది. బున్‌మీ ఇంటి వాకిట్లో జనం కిక్కిరిసిపోయారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పూలపళ్లెం ముందు కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి వాళ్ల మణికట్లకు తెల్లదారాలు కట్టి దీవించారు. ధనావత్ గారు బస్సెక్కి, పడవెక్కి వచ్చారు. దారం కట్టేటప్పుడు ఆయన దీవించిన మాటలు పాత తరం వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియనంత పాతవి. ముసలివాళ్లు కొందరు కళ్లొత్తుకున్నారు. వంటపొయ్యి దగ్గర సైబువా, బున్‌మీ ఉప్పు గురించి తగాదా పడుతున్నారు. మధ్యలో ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడే కొత్త డైరెక్టరు గారు చేతిలో సంచీతో వాకిట్లోకి వచ్చారు.

"ఇచ్చట ఉభయ దేశముల పౌరులు దుబాసీ లేకుండగనే సంభాషించుచున్నారు! ఇది నిబంధనలకు విరుద్ధము! తక్షణము నిలుపవలెను!"

 వియ్యపురాళ్లిద్దరూ పొయ్యి దగ్గర నుంచి గరిటెలతో సహా వచ్చి ఆయన ముందు నిలబడ్డారు. సైబువా చేతులు జోడించింది. పడుచుతనంలో బ్యాంకాక్ అమ్మగారి ఇంట్లో నేర్చిన థాయ్‌లో, ఎక్కడా యాస తొణకకుండా అంది.

"మన్నించవలెను. తమరు సెలవిచ్చునది మాకు ఒక్క ముక్కయునూ బోధపడుట లేదు."

"దుబాసీని తోడ్కొని రండి" అంది బున్‌మీ, సీరియళ్లలో విన్న థాయ్‌లో.

డైరెక్టరు గారు దుబాసీల కోసం చూశారు. ఉన్న ఇద్దరూ మోచేతుల దాకా తెల్లదారాలతో పూలపళ్లెం ముందు కూర్చుని ఉన్నారు. సెలవులో ఉన్న దుబాసీతో పని చేయించకూడదని రూలు. అది రాసింది ఆయనే.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఒకరిద్దరిని పలకరించి చూశారు. వాళ్లు కాస్త ఆగి, అర్థం కాలేదన్నట్టు తలాడించి వెళ్లిపోయారు. ఇంతలో ఎవరో ఆయన ఒళ్లో ఒక కంచం పెట్టారు. ఇది ఏమని అడిగారు. ఎవరూ చెప్పలేదు. తిన్నారు. తిని, కాసేపు అటూ ఇటూ చూసి, ఖాళీ కంచం ముందుకు చాచారు.

అది మాత్రం వియ్యపురాళ్లిద్దరికీ ఒకేసారి అర్థమైంది.